తెల్లబట్ట కట్టమన్న అక్క

వర్లి చాళ్లలో, ఆ ఇరుకు గదుల వరసల్లో, మీరంతా బాగున్నారా? ధారావిలో దగ్గుతున్న పెద్దవాళ్లకు కాస్త నెమ్మదించిందా? పాలమూరు నుంచి పనికొచ్చి మెట్ల కింద కాపురాలు పెట్టిన ఆడపిల్లలూ, మీ చంటివాళ్లు పాలు సరిగ్గా తాగుతున్నారా? అందరినీ అడిగితే గాని నా సంగతి చెప్పుకోలేను. కామాఠిపురాలో మా ఎదురు గది అక్క పోయింది. మొన్న మధ్యాహ్నం చేటలో బియ్యం ఏరుతూ గోడకు ఒరిగింది. కునుకు పట్టిందనుకున్నాం. పిలిస్తే పలకలేదు.

నాకు ఓపిక లేదు, చదువూ అంతంతమాత్రం. అయినా ఆమె గురించి నాలుగు మాటలు రాయకపోతే మనసు కుదుటపడేట్టు లేదు.

వయసులో ఉన్నప్పుడు అక్క ఇళ్లు కట్టేచోట సిమెంటు మోసింది. కాలు విరిగాక, తట్టలు మోసే తల్లుల పిల్లలను చూసుకునే పనిలో కుదిరింది. నీడ ఉన్నచోటల్లా చీర ఉయ్యాలలు, వాటిలో మాటలు రాని పిల్లలు. వాళ్ల బాగోగులు పొత్తిగుడ్డలోని మరక చూసి తెలుసుకోవడం అక్కడే అలవాటైంది. తర్వాత మా చాల్‌లో ఏ బిడ్డ పుట్టినా, గుడ్డ ఉతకకముందు ఆమెకు చూపించాల్సిందే. ఒక చేత్తో చాయ్ కప్పు, ఒక చేత్తో గుడ్డ పట్టుకుని గదుల ముందు గ్యాలరీ వెలుతురులో చూసేది.

"ఛీ అక్కా, చాయ్ తాగుకుంట గదేం చూసుడు?" అని ఆడవాళ్లు ముక్కు మూసుకునేవారు.

"నువ్వు ముక్కు మూసుకో, నేను చాయ్ తాగుత. బిడ్డ నాతోని మాట్లాడుతుంది."

నాకు ప్రతిదానికీ భయమే. పెద్ద మనవడు పుట్టినప్పుడు గుడ్డ పట్టుకుని పరుగెత్తాను.

"అక్కా, నల్లగ పోయిండు!"

"మొదట్ల డాంబర్ లెక్కనే ఉంటది. పాలు పడ్డంక ఆవముద్ద లెక్క అయితది. పో, నీ కోడలికింత అన్నం పెట్టు."

ఒకసారి ఆకుపచ్చగా ఉందని వెళితే, "తాగుతుండు, ఆడుతుండు, నీకేం బాధనే?" అని నవ్వింది. నీళ్లలా పోయి పిల్లవాడు వాడిపోయినప్పుడు మాత్రం నవ్వలేదు. "పాలు ఆపకున్రి. దవాఖానకు నడువున్రి," అని తానే ముందు మెట్లు దిగింది.

సమ్మెతో మిల్లు మూతపడి నా కొడుకు దొరికిన కూలికి తిరుగుతున్న రోజుల్లో మనవరాలు పుట్టింది. అప్పుడు అక్క వర్లిలో కూతురి దగ్గర ఉంది. దిష్టి తగలకూడదని మా వియ్యపురాలు ఎర్ర చీర చింపి పొత్తిగుడ్డలు పంపింది. రంగు దిగి మరకలన్నీ ఎరుపులోనే కలిసిపోతాయి, ఉతకడం తేలికని మేమూ సంతోషించాం. నెల దాటాక అక్క తిరిగొచ్చింది. తీగ మీద ఎర్ర గుడ్డలు చూసి, సంచి కూడా దించకుండా మా గుమ్మంలో నిలబడింది.

"ఎవరు కట్టిన్రే బిడ్డకు రంగుబట్ట? అండ్ల ఏం కనిపిస్తది?"

"దిష్టికి, అక్కా..."

"దిష్టికి చుక్క పెట్టు. కిందికి తెల్లబట్ట కట్టు."

తన పెనిమిటి పాత తెల్ల ధోతి తెచ్చి సగం చింపి బిడ్డకు కట్టింది, మిగతా సగం నా దగ్గరే దాచమంది. మర్నాడు పొద్దున ఆ గుడ్డ చూశాను. బియ్యప్పిండి ముద్దలా తెల్లగా ఉంది. పాలు తాగే పిల్ల కదా అనుకున్నాను. అన్నిటికీ బెదిరే నేను దానికి బెదరలేదు. అలవాటు కొద్దీ చూపించాను.

అక్క చాయ్ కప్పు కింద పెట్టేసింది. బిడ్డను వెలుతురులోకి తెచ్చి కళ్లు చూసింది. తెల్లగుడ్డు పసుపుగా ఉంది. ఉచ్చ పడిన గుడ్డ చూసింది. ముదురు పసుపు మరక.

"ఇది ఉతకకు. మడిచి సంచిల పెట్టు. దవాఖానకు పోదాం."

"పెద్దమ్మా, మంచిగనే తాగుతుంది గద," అన్నాడు నా కొడుకు. "ఇయ్యాల పని దొరికింది. రేపు పోదాం."

"నువ్వు పనికి పో బిడ్డా. మేం ఆడోళ్లం పోతం. రేపటిదాక నేనాగ."

ఆసుపత్రిలో డాక్టరమ్మ గుడ్డ విప్పి చూసింది, తెచ్చి మంచి పని చేశారంది. కాలేయం నుంచి పేగులోకి పసరు దిగితేనే మలానికి రంగు వస్తుందట. పరీక్షలన్నీ చేశాక, ఆ దారి మూసుకుపోయిందని, ఇంకా ఆలస్యమైతే పిల్ల దక్కడం కష్టమని చెప్పింది. ఆపరేషన్ జరిగినంతసేపూ అక్క వరండాలో నా పక్కనే కూర్చుంది. చాయ్ తెస్తే వద్దంది. కొన్నాళ్లకు గుడ్డ మీద లేత పసుపు మరక కనబడింది. అక్క దాన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్లి చాలాసేపు చూసింది.

"ఇగ చాయ్ తేపోవే," అంది.

ఆ పిల్ల ఇప్పుడు గ్యాలరీలో పరుగెడుతుంది. పడుతుందేమోనని నేను వెనక తిరుగుతాను, నా కాళ్లు సాగవు. "పడనియ్, లేస్తది," అనే మనిషి లేదు.

నాగ్‌పాడాలో ఒక బాలింతకు అక్క గురువారం వస్తానని మాటిచ్చి ఉంది. ఆ బాలింత అత్త నిన్న వచ్చి, మూసిన తలుపు చూసి ఏడ్చింది. నాకు తెలిసింది తక్కువ, భయం ఎక్కువ. కాని ఆ డాక్టరమ్మ దగ్గరకు దారి తెలుసు. ధోతిలో మిగిలిన సగం ఉతికి గ్యాలరీ తీగ మీద ఆరేశాను. గాలికి ఊగుతోంది. గురువారం పొద్దున్నే నేను వస్తానని చెప్పి పంపాను.