తేటపడని గాజు గొట్టం

వాన పడి మా దమ్మపేట బోరు నీళ్లు మన్నువాసనతో, మసకగా వచ్చాయి. గ్లాసు కిటికీలో పెట్టి, తేటపడే దాకా చూస్తూ కూర్చున్నాను. ఇలా కూర్చోవడం నేర్పింది రజియా మేడం. నాకంటే ఇరవై ఏళ్లు చిన్నవారు.

ఇంజెక్షన్ మందుల్లో క్రిములు ఉన్నాయేమో పరీక్షించే పనిలో ముప్పై ఏళ్లు గడిపి, చివరి కొన్నేళ్లు హైదరాబాదులో కణచికిత్స ల్యాబులో చేశాను. అక్కడ రోగి రక్తంలోంచి తీసిన కణాలను పెంచి తిరిగి అతనికే ఎక్కిస్తారు. ప్రాణమున్న కణాలు కనుక మరిగించి శుద్ధి చేయడం కుదరదు. కొద్దిగా నమూనా తీసి, క్రిములు పెరిగే ద్రవం ఉన్న గాజు గొట్టంలో వేసి, అది మసకబారుతుందా అని కొన్ని రోజులు చూడాలి. మసకబారితే క్రిములున్నాయేమో అని అనుమానించాలి. ఆ గదికి మేడం ఇన్‌ఛార్జి. వాళ్లది ఖమ్మంలో దర్జీల కుటుంబం.

ఒకరోజు భద్రాచలం వైపు రైతు ఒకాయన కణాల సంచి మరునాడు దవాఖానాకు వెళ్లాలి. ఆయనది రక్త క్యాన్సర్. చిన్న క్రిమిని కూడా తట్టుకునే శక్తి ఒంట్లో లేదు. మందుల దగ్గర అలవాటైనట్టే గొట్టాన్ని బాగా ఊపి వెలుతురులో చూశాను. మసకగా ఉంది. 'కణాల వల్ల' అని రాసేశాను.

మేడం కాగితం చూశారు. "సార్, ఇది చూసి రాసిన్రా, అనుకొని రాసిన్రా?"

"కణాలే మేడం. ముప్పై ఏండ్ల సంది చూస్తున్న."

"అవ్, మందులు చూసిన్రు. గొట్టం గట్ల ఊపుడేంది, మా అబ్బాజాన్ కుట్టుమిషన్ తొక్కినట్టు? కణాలు అడుగున ఉండేవి పైకి లేస్తయి. నిలవెట్టుండ్రి. వరదప్పుడు మా అమ్మ బిందెల నీళ్లు గిట్లనే నిలవెడ్తది. మన్నయితే కిందికి వోతది. కణాలు గూడ గంతే, క్రిములైతే పైన్నే ఉంటయి."

మధ్యాహ్నానికి కణాలు అడుగున తెల్లగా చేరాయి. పైన మసక పోలేదు, ఇంకా చిక్కబడింది. సూక్ష్మదర్శినిలో చూస్తే క్రిములు.

డాక్టరుకు మేడమే ఫోన్ చేశారు. "సంచి మేం ఆపినం సార్. దాచిన కణాలున్నయి, మళ్ల పెంచుతం." నా పేరు ఎత్తలేదు. నాతో మాత్రం, "పోయి చాయ్ తాగి రాండ్రి. రాసింది చెరపకుండ్రి. ఒక్క గీత కొట్టి పక్కన సంతకం వెట్టుండ్రి. పాత మాట కనవడాలె," అన్నారు.

ఆ రోజు నుంచి నా డైరీలో పేజీ మధ్య నిలువుగా ఒక గీత గీస్తున్నాను. ఎడమ వైపు చూసింది, కుడి వైపు అనుకున్నది.

కొన్ని వారాలకు రైతుకు మంచి కణాలు ఎక్కించారు. ఆయన నడుచుకుంటూ ఇంటికి వెళ్లాడని దవాఖానా నుంచి కబురొచ్చింది. నేను చూడలేదు, అలాగని అనుకున్నదీ కాదు. ఏ వైపు రాయాలని మేడంను అడిగాను.

"ఏ దిక్కూ వద్దు సార్. జల్దీ మిఠాయి తెప్పియుండ్రి."

ఆ కబురు గీత మీదే రాసుకున్నాను.

ఇవాళ కుడి వైపు 'వాన మన్ను' అని రాసి ఆగాను. గంటకు మన్ను గ్లాసు అడుగున చేరింది. అప్పుడు ఎడమ వైపు 'తేటపడ్డాయి' అని రాసి, నీళ్లు కాచుకోవడానికి లేచాను.