ఒకే గిన్నెలో రెండు మందులు

నగరిలో మరమగ్గాల వీధికి గోవిందయ్యే పెద్ద. ఆ పదవికి ఎన్నిక జరగలేదు, ఉత్తర్వూ రాలేదు. నూలు పంచడంలో ఆయన పాటించిన ధర్మమే ఆయన్ని ఆ పీఠం మీద కూర్చోబెట్టింది. వీధికి రెండు మిల్లుల నూలు వస్తుంది. అందులో ఏదో ఒక మిల్లుది మగ్గం మీద ఊరికే తెగుతుంది. ఆ నష్టం ఏ ఒక్క ఇంటి మీదా పడకూడదని గోవిందయ్య రెండు మిల్లుల సరుకునూ కలగలిపి, తర్వాతే పంచుతాడు. పోగు తెగిందంటే వీధంతా మిల్లులను తిట్టుకుంటుంది, ఒకరినొకరు మాత్రం తిట్టుకోరు. శాంతిభద్రతలంటే అంతకన్నా ఏముంది?

అలాంటి వీధిలోకి తిరుపతి నుంచి ఒక ఆసుపత్రివాళ్ళు పరిశోధనకు వచ్చారు. పొద్దంతా మగ్గాల ముందు నిలబడేవాళ్ళ మోకాళ్ళ నొప్పికి రెండు పూతమందుల్లో ఏది మేలో తేల్చాలట. చీటీలో పడ్డదాన్ని బట్టి కొందరికి నీలం గీత ట్యూబు, కొందరికి ఎర్రగీత ట్యూబు ఇచ్చారు.

"ఎవరి మందు వాళ్ళే రాసుకోవాలి. ఇంకొకరికి ఇవ్వకూడదు" అని డాక్టర్ పల్లవి నిదానంగా చెప్పింది. వీధి తరఫున గోవిందయ్య గంభీరంగా తలాడించాడు.

ఆసుపత్రి జీపు వీధి మలుపు తిరిగిందో లేదో, పక్కింటి సిద్ధమ్మ వచ్చి నిలబడింది.

"ఏమప్పా గోవిందయ్యా, గోపీకి నీలం గీత, నాకు ఎర్రగీత. వానిది మంచి మందయితే నా మోకాళ్ళేం పాపం చేసినాయి?"

"నీదే మంచిదైతే?" అన్నాడు ఎదురింటి గోపీ. "అప్పుడు నీ మోకాళ్ళు నాకిస్తావా?"

వీధి రెండు గీతలుగా చీలిపోయే సూచనలు కనిపించాయి. గోవిందయ్య ఆలోచించలేదు, అలవాటైన ధర్మానికి ఆలోచనతో పనిలేదు. పెద్ద స్టీలు గిన్నె తెప్పించి, అందరి ట్యూబులూ అందులోకి పిండించి, సంగటి తెడ్డుతో స్వయంగా కెలికి, తలా ఒక డబ్బాలో సమానంగా పెట్టాడు.

"ఇంక ఈ తెడ్డుతో సంగటి ఎట్ల కెలికేదయ్యా?" అని ముక్కు మూసుకుంది ఆయన భార్య చౌడేశ్వరమ్మ. మహత్కార్యాలకు ఇలాంటి చిన్న ఆటంకాలు తప్పవు.

పల్లవి వచ్చినప్పుడల్లా అడిగేది: "ఎవరి మందు వాళ్ళే రాసుకుంటున్నారా?"

"అవునమ్మా" అనేవాడు గోవిందయ్య. ఎవరి డబ్బాలోది వాళ్ళే రాసుకుంటున్నారు కదా అని మనసుకు చెప్పుకునేవాడు. ఖాళీ ట్యూబులన్నీ తుడిచి మరీ అప్పగించేవాడు.

చివరికి తిరుపతిలో సభ పెట్టారు. తెర మీది గ్రాఫులో నీలం గీతా, ఎర్రగీతా ఒకదాన్నొకటి అంటుకుని నడిచాయి.

"రెండు మందులూ సమానమేనని తేలింది" అంది పల్లవి. "ఇకమీద మా దగ్గరికొచ్చే రోగులకు ఏది దొరికితే అది ఇస్తాం. నగరి వాళ్ళంత పద్ధతిగా మందు వాడినవాళ్ళను నేను చూడలేదు." ఆ పద్ధతికి గుర్తుగా గోవిందయ్యకు శాలువా కప్పారు.

చప్పట్ల మధ్య ఆయన తెరనే చూస్తున్నాడు. నేతగాడి కన్ను అది. తెర మీద ఉన్నవి రెండు మందులు కావు, తన ఇంటి గిన్నె. ఇన్నేళ్ళుగా తెగే నూలు ఏ మిల్లుదో వీధికి ఎందుకు తెలియలేదో కూడా అప్పుడే తెలిసింది. కలిపింది తనే. ఎవరివో తెలియని మోకాళ్ళు, తన అబద్ధాన్ని పూసుకోబోతున్న మోకాళ్ళు, వరసగా కళ్ళ ముందు నిలబడ్డాయి.

బయటికొచ్చాక చౌడేశ్వరమ్మ మురిసిపోతూ అంది: "ఈ శాలువాతోనే కాణిపాకం పోదాం రాయ్యా. సామి సూసి సంతోషపడతాడు."

కాణిపాకం వినాయకుడి ముందు దొంగలు కూడా అబద్ధమాడరు. "ఈ శాలువాతో ఆడికి యా మొగం పెట్టుకుని పోయేది!" అని గోవిందయ్య వెనక్కి తిరిగి లోపలికి నడిచాడు.

ఆయన చెప్పిందంతా విని పల్లవి చేతిలో కాగితాలు పక్కన పెట్టింది.

"అందరివీ కలిపేశారా?"

"గిన్నె పెద్దదమ్మా."

ఆమె నవ్వలేదు. "మీ వీధివాళ్ళ ఫలితాలన్నీ తీసేయాలి. ఇంకో ఊళ్ళో మళ్ళీ మొదటినుంచి చేయాలి."

"ఈసారి సరిగ్గా చేస్తామమ్మా, మా వీధిలోనే చెయ్యండి."

"మిమ్మల్నిక తీసుకోలేం, గోవిందయ్య గారూ."

శాలువా తీసి ఇవ్వబోతే, "ఇచ్చినదాన్ని వెనక్కి ఎలా తీసుకుంటామండీ?" అని తల వంచుకుంది. ఆమె కోప్పడి ఉంటే బాగుండేది.

తిట్లు కనీసం వీధిలోనైనా దొరుకుతాయనుకున్నాడు. అందరినీ పిలిచి జరిగింది చెప్పాడు.

"అందరికీ సమంగానే పంచినావు కదప్పా, దాంట్లో తప్పేముండాది?" అంది సిద్ధమ్మ. గోపీ కూడా అవునన్నాడు. గోవిందయ్య ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

తర్వాత నూలు వచ్చినప్పుడు ఆయన కలపలేదు. మిల్లుకొక కుప్ప పెట్టి చీటీలు తీయించాడు. సిద్ధమ్మకు పడిన కుప్పలో నూలు ఆ పూటే తెగడం మొదలుపెట్టింది.

"ముసిలోడా, నీకు మతి పోయిందా? నా నోట్లో మన్ను కొట్టి గోపీగాని నోట్లో చక్కెర పోస్తావా?"

మగ్గాల చప్పుడు మీదుగా ఆమె గొంతు వీధి చివరిదాకా వినిపించింది. గోవిందయ్య గుమ్మంలో కూర్చుని, మోకాలు ఒత్తుకుంటూ, ఒక్క మాటా వదలకుండా విన్నాడు.

"ఏ మిల్లుది సిద్ధమ్మా అది?" అని మాత్రం అడిగాడు.