శనివారం అమ్మ

అమెరికాలోని డులుత్‌లో ప్రతి శుక్రవారం సాయంత్రం ఇంటికి రాగానే కారిన్ బూట్ల మంచు దులుపుకుని, ఆఫీసు పెద్ద ఫోనును బ్రెడ్డు డబ్బాలో పెట్టి మూత వేస్తుంది. సొరుగులోంచి అరచేతిలో ఇమిడే చిన్న ఫోను తీసి ఆన్ చేస్తుంది. దాని నంబరు ఇంట్లోవాళ్ళకే తెలుసు. అది మోగిందంటే మొదటి రింగుకే ఎత్తుతుంది. అయినా ఆ రెండు రోజులూ ఆమె చెయ్యి ఊరికే జేబు తడుముకుంటుంది, బొటనవేలు ఖాళీ తెరను పైకి తోస్తూనే ఉంటుంది. సోమవారం పొద్దున చిన్న ఫోను ఆఫ్ అయి, నోరు మూసుకుని మళ్ళీ సొరుగులోకి పోతుంది. "లిండీ, మీ శనివారం అమ్మ వచ్చేసిందే!" అని శుక్రవారం ఆమె చిన్న ఫోను తీయగానే భర్త డేల్ ఆటపట్టిస్తే, తొమ్మిదేళ్ళ కూతురు పరుగెత్తుకొస్తుంది.

ఈ శుక్రవారం ఆన్ చేయగానే చిన్న ఫోనులో, అది ఆఫ్‌లో ఉండగా బుధవారం లిండీ వదిలిన వాయిస్ మెసేజ్ వినిపించింది. "అమ్మా, బడి ఫోనులోంచి చేస్తున్నా. బస్సు వెళ్ళిపోయింది. వస్తావా? ...సరేలే, నడిచొచ్చేస్తా."

కారిన్ కూతురి చేతులు పట్టుకుంది. "అంత మంచులోనా? పెద్ద ఫోనుకి చేయొచ్చుగా తల్లీ?"

"అది ఆఫీసు వాళ్ళదిగా. చిన్నదానికైతే నువ్వు ఎత్తుతావని."

అంతలో బ్రెడ్డు డబ్బాలో పెద్ద ఫోను గుర్రుమంది. లిండీ చేతులు విడిపించుకుని, పక్కకు జరిగి, అమ్మకు దారి ఇచ్చింది.