ఎకరంలో ముప్పై పోతే

ఇప్పుడంటే పుప్పాలగూడ పేరు చెప్పగానే అద్దాల మేడలు గుర్తొస్తాయి గానీ, నేను బడిపంతులుగా అడుగుపెట్టిన ఆ డెబ్బైల తొలి రోజుల్లో అక్కడున్నవి బండలు, జొన్నచేలు, ఒక పెంకుటింటి బడి. వానొస్తే సగం బడి తడిసేది, మిగతా సగంలో నేను పాఠం చెప్పేవాణ్ణి. కృష్ణా డెల్టాలో పుట్టి, ట్రైనింగులో లెక్కలకు ఫస్టొచ్చిన వాణ్ణి కదా, లెక్కల్లో నాకు తెలియనిదంటూ లేదని గట్టి నమ్మకం. (నమ్మకానికి ఖర్చేముంది!) మాటకు ముందొకటి, వెనకొకటి 'అండి' తగిలిస్తానని పిల్లలు నాకు 'అండిసారు' అని పేరు పెట్టారు.

ఒక ముసురు రోజున ఐదో తరగతికి నోటిలెక్క ఇచ్చాను. "ఎకరం పొలంలో ముప్పై అమ్మితే ఎంత మిగులుతుంది?" సెంట్లు అని విడిగా చెప్పడం ఎందుకు, ఎకరానికి వంద సెంట్లని మావైపు పాలుతాగే పిల్లాడికీ తెలుసు. తరగతి మొత్తం ఒక్క గొంతుతో "పది!" అంది. నాకు ఏడుపొక్కటే తక్కువ. "డెబ్బై రా, డెబ్బై!" అని నల్లబల్ల మీద రాసేశాను. అందరూ గప్‌చుప్‌గా ఎక్కించుకున్నారు. నేను 'మిరపకాయ' అని పిలిచే చురుకైన పిల్ల మాత్రం లేచి, "కాదు సార్, పదే. మాది గంతనే మిగిలింది" అంది. నోరు మూసుకుని రాసుకోమన్నాను.

మర్నాడు పొద్దున్నే మిరపకాయ నాయన కూతుర్ని వెంటబెట్టుకుని, తడిసిన తలగుడ్డ పిండుకుంటూ వచ్చాడు. పెళ్ళాం దవాఖాన ఖర్చులకు పొలం అమ్ముకున్న మనిషి. మిగిలిన చెక్కతో బతుకు గడవక, పిల్లను బడి మాన్పించి పటాన్‌చెరు వైపు కూలికి పోతాడని ఊళ్ళో అనుకుంటున్నారు. అలాంటి మనిషి మొహం ఆ రోజు వెలిగిపోతోంది.

"సారూ, మాకింక డెబ్బై ఉన్నదంటివట. సదువుకున్నోడివి, ఉత్తగనే అనవు. పట్వారి ఏమన్న గోల్‌మాల్ చేసిండా ఏంది? జర సూపియ్యి. ఇగ ఊరిడిసే ఫికరే ఉండది, బిడ్డ నీ తాన్నే సదువుకుంటది."

నేను తెల్లమొహం వేసి, "డెబ్బై సెంట్లండి..." అన్నాను.

"సెంటంటే ఏంది?" అన్నాడాయన.

అప్పుడు తెలిసింది నాకు, అక్కడ ఎకరానికి నలభై గుంటలని. ముప్పై పోతే మిగిలేది పదే. తరగతి మొత్తం రైటు, పంతులొక్కడే తప్పు. "పదేనండి. మీ అమ్మాయి చెప్పిందే కరెక్టు" అన్నాను, చచ్చీచెడీ. ఆయన తలగుడ్డ మళ్ళీ చుట్టుకున్నాడు. కూతురి తల నిమిరి, "పోనీ తియ్యి, నా బిడ్డ లెక్క తప్పలే" అని నవ్వాడు.

ఆ వారమే వాళ్ళు ఊరు విడిచిపోయారు. పోతూ పోతూ మిరపకాయ బడి గుమ్మం దగ్గర ఆగింది. "సార్, మీ ఊళ్లె ఎకరం పెద్దగుంటదా?"

"లేదమ్మా, ఎకరం ఎక్కడైనా ఒకటే. మేం ఎక్కువ ముక్కలు చేస్తాం."

అది ఒక్క క్షణం ఆలోచించింది. "అయితే మీ ముక్క చిన్నది. డెబ్బై అని సంబురపడుడు ఉత్తదే." భిన్నాల పాఠం నేనింకా మొదలే పెట్టలేదు!

ఆ తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఏ పిల్లాడు తప్పు జవాబు చెప్పినా, "ఎట్లా వచ్చింది నాన్నా?" అని అడిగేవాణ్ణి. సిలబస్ ఎప్పుడూ పూర్తయ్యేది కాదు, హెడ్మాస్టర్లు సణుగుతూనే ఉండేవారు. ఫస్టు క్లాసు తలబిరుసుతో తిరిగిన ఆ కుర్ర పంతుల్ని తలచుకుంటే ఇప్పుడు నవ్వే వస్తుంది. ఆ పిల్ల ఇంకొక్క ఏడాది నా దగ్గరుండి ఉంటే, పాపం, వాడికి లెక్కలు కాస్త బాగా వచ్చేవి.