గీతకు ఇవతలా, అవతలా

మా ఆయనకు మాటలు తక్కువ. పెళ్ళైన కొత్తలో అది పెద్దరికం అనుకున్నాను. కొన్నాళ్ళకు కోపమేమో అనుకున్నాను. కడప వచ్చాక తెలిసింది, రెండూ కాదని. ఆయనకు మాట్లాడాలని అనిపించదు, అంతే. కాలువల శాఖలో ఇంజనీరు. నీళ్ళు ఏ వాలులో ఎంత వేగంగా పారతాయో చెప్పమంటే పొద్దుగూకేదాకా చెప్పగలరు. పప్పులో ఉప్పు ఎక్కువైందా అని అడిగితే మాత్రం, నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు కూర్చుంటారు.

యుద్ధం జరుగుతున్న రోజులవి. సర్కారు మాకిచ్చిన బంగళా ఊరికి దూరంగా, రాళ్ళ మైదానం అంచున ఉండేది. పిల్లలు లేరు. నేను ఆలూరులో నిండింట్లో పెరిగినదాన్ని. మా ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఎవరితోనో పోట్లాడుతూ ఉండేవారు. ఇక్కడ పోట్లాడ్డానికైనా మనిషి లేడు. అంట్లు తోమే ఆమె పొద్దెక్కాక వచ్చి, రెండు మాటలు మాట్లాడి, తన దారిన పోయేది. పక్క బంగళాలో దొరసానికి తెలుగు రాదు, నాకు ఇంగ్లీషు రాదు. ఎదురుపడితే ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. నవ్వు ఎంతసేపని నవ్వుతాం? మధ్యాహ్నాలు బావి దగ్గర నిలబడి గిలకతో కూడా మాట్లాడాను, ఎందుకు దాచాలి.

ఆ మైదానంలో దొరలు గోల్ఫు ఆడేవారు. పచ్చిక అనేది లేదు. బంతిని గుంటలోకి దొర్లించే చోట మాత్రం ఇసుక పోసి, నూనె కలిపి చదును చేసి ఉంచేవారు. మిగిలినదంతా గట్టి నేల, గులకరాళ్ళు, అక్కడక్కడా బండ. యుద్ధానికని దొరలు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. చివరికి మా ఆయన పైఅధికారి ఒక్కడే మిగిలాడు. ఒక్కడే ఏం ఆడతాడు? నువ్వు రా అని మా ఆయన్ను పిలిచాడు. పిలిచింది పైఅధికారి, కాదనడానికి లేదు. ఆయన ఇనుప తల ఉన్న ఒక కర్రా, సొట్టలు పడిన నాలుగు బంతులూ పట్టుకుని ఇంటికొచ్చారు.

ఆ ఆటలో కిటుకంతా కర్ర నేలను తాకే చోటులో ఉందట. బంతిని పైకి లేపాలని చూడకూడదు. కర్రను కిందికే కొట్టాలి. ముందు బంతికి తగలాలి, ఆ తర్వాతే, బంతి ఉన్న చోటు దాటాక, నేలను గీరుకుంటూ పోవాలి. బంతిని లేపే పని ఆ ఇనుప తల వాలే చూసుకుంటుంది. వినడానికి సులువుగానే ఉంది. మా ఆయన కొడితే కర్ర బంతికి జానెడు ఇవతలే నేలలో దిగబడేది, లేదంటే బంతి నెత్తిన తగిలేది. దొర విసుగెత్తి, ఇంటి దగ్గర నేలమీద గీత గీసుకుని, ఆ గీతే బంతి అనుకుని, గీత దాటాక గీరడం అలవాటు చేసుకో అన్నాడట.

ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. ఆ రోజు తెల్లవారుజామున నేను వాకిట్లో కళ్ళాపి చల్లి ముగ్గు వేస్తుంటే, ఆయన కర్ర పట్టుకుని మెట్లు దిగారు.

"ఈడొక గీత గీయి," అన్నారు.

ముగ్గుపిండితో అడ్డంగా ఒక గీత గీశాను. ఆయన కాళ్ళు ఎడంగా పెట్టి, కర్రను భుజం మీదుగా తిప్పి, గీతమీదికి దించారు. తడిమట్టి ఎగిరి నా చీరమీద పడింది. కొట్టేవాడికి కర్ర మొదట ఎక్కడ తగిలిందో కనబడదు, దేహం తిరిగిపోతుంది కదా, పైగా ఆ దెబ్బకు గీతా చెదిరిపోతుంది. అందుకే ఆయన నావైపు చూశారు.

"గీత దాటినాక పడిందా, ఇవతల్నే పడిందా?"

"ఇవతల్నే," అన్నాను.

అలా మొదలైంది. రోజూ కళ్ళాపి, గీత, దెబ్బ, ఆ ప్రశ్న. ఇవతల, ఇవతల, గీతమీద, ఇవతల. వాకిలంతా గుంటలయ్యేది. అంట్లు తోమే ఆమె వచ్చి చూసి, "ఏమ్మా, అయ్యగారు ఈడ శెనక్కాయలు ఇత్తుతాండారా?" అని అడిగింది. ఏమైనా అనుకోనీ. నాకు పట్టింపు లేదు. ఎందుకంటే కొట్టి కొట్టి అలిసిపోయాక ఆయన కర్రమీద చేతులు ఆనించుకుని నిలబడేవారు. అప్పుడు ఏదో ఒకటి మాట్లాడేవారు. దొర సంగతో, కాలువ గట్టు తెగిన సంగతో. ఒకరోజు చిన్నప్పుడు ఆత్మకూరులో సీతాపండ్లకని అడవిలోకి పోయి దారి తప్పిన కథంతా చెప్పారు. చెట్టుకింద కూర్చుని ఏడ్చానని కూడా చెప్పారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ సంగతి నాకు తెలియదు. నేను నోరు తెరిస్తే ఎక్కడ ఆపేస్తారోనని ముగ్గుపిండి చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ కాసేపటి కోసమే నేను రోజంతా ఎదురుచూసేదాన్ని. నాకు ఆ ఆట గొడవ లేదు, బంతి గొడవ లేదు. పొద్దున్నే ఆయన నాతో మాట్లాడాలి. అంతే నాకు కావలసింది.

నెమ్మదిగా దెబ్బ గీతమీదే పడసాగింది. ఇద్దరం సంతోషించాం. ఇక వచ్చేసిందని ఆయన మైదానానికి వెళ్ళారు. సాయంత్రం తిరిగొచ్చినప్పుడు ముఖంలో నెత్తురుచుక్క లేదు. కర్రను గది మూలన పెట్టారు. మర్నాడు తీయలేదు. ఆ మర్నాడూ తీయలేదు. నేను మాత్రం గీత గీసి, చేతులు దులుపుకుని, గుమ్మంవైపు చూసి లోపలికి వచ్చేదాన్ని.

ఆఖరికి అడిగాను.

"ఈడ బాగానే పడ్తాది," అన్నారు. "ఆడ కర్ర నేలకు తగిలి ఎగురుతాది. దొర నవ్వినాడు. నాకు రాదులే, ఇడిసిపెట్టు."

ఎలా ఇడిసిపెడతాను? అది పోతే నాకు మిగిలేది మళ్ళీ ఆ గిలకే. ఆయన ఆఫీసుకు పోయాక అంట్లు తోమే ఆమెను తోడు తీసుకుని మైదానానికి నడిచాను. చెప్పులు లేని కాళ్ళు. నాలుగడుగులు వేసేసరికి అరికాళ్ళు మండిపోయాయి. వంగి గోటితో గీరాను. నేల చెక్కు చెదరలేదు. అప్పుడు వెలిగింది నాకు. మా వాకిలి నేను రోజూ పేడనీళ్ళు చల్లి తడిపే వాకిలి. దాంట్లో కర్ర వేలెడు ఇవతల దిగినా మెత్తగా జారుకుంటూ ముందుకు పోతుంది. గుంట పెద్దదయ్యేసరికి అది ఎక్కడ మొదలైందో కూడా సరిగా తెలియదు. నేను గీతమీద అన్నవన్నీ వేలెడు ఇవతలివే. ఎండిన నేల ఆ వేలెడు కూడా ఊరుకోదు. కర్ర ఎగిరి బంతి నడుముకు తగులుతుంది.

మర్నాడు వాకిలంతా చల్లి, ఒక పక్క చాపంత మేర చల్లకుండా వదిలేసి, గీత అక్కడ గీశాను. చెప్పినంత తేలిక కాదు. ముత్తైదువ ఇంట్లో వాకిలి పొడిగా ఉంటే ఏమంటారో అందరికీ తెలుసు. అంట్లు తోమే ఆమె క్రిస్టియన్, మా ఆచారాలు ఆమెకు అక్కరలేదు, అయినా అది చూసి గేటు దగ్గరే ఆగిపోయింది.

"ఏమ్మా, ఈ పక్క నీళ్ళు సల్లకుండా ఇడిసిపెట్టినావే. సావు జరిగిన ఇల్లు అనుకుంటారు ఎవురన్నా."

"అనుకోనీలే," అన్నాను. కానీ నాకూ భయంగానే ఉండేది. రోజూ దేవుడికి దీపం పెట్టేటప్పుడు ఆ సంగతి చెప్పుకుని, తప్పు కాయమని దణ్ణం పెట్టేదాన్ని.

ఆయన కంట పడడానికి కొన్ని రోజులు పట్టింది. "ఈడెందుకు ఇడిసిపెట్టినావు?" అన్నారు. చెప్పాను. వంగి ఆ పొడినేలను వేలితో గీరి చూశారు. తర్వాత లోపలికెళ్ళి కర్ర తెచ్చారు.

మొదటి దెబ్బకే ఖణేలుమంది. చేతులు జిల్లుమన్నాయి కాబోలు, కర్ర వదిలేసి మణికట్లు రుద్దుకున్నారు. గీతకు ఇవతల సన్నని గీరు. మళ్ళీ కొట్టారు. మళ్ళీ ఇవతలే. నేను కర్రను చూడడం మానేసి ఆయన కాళ్ళు చూశాను. మగవాళ్ళ ముఖంలోకి చూడకూడదని పెంచారు మమ్మల్ని, కాళ్ళు చూడడం బాగా అలవాటు.

"కర్ర దిగేటప్పుడు మీ బరువంతా ఎనకకాలు మీదే ఉండాది," అన్నాను. "కుడి మడమ నేలకు అతుక్కోనుండాది. లెయ్యడం లేదు."

"ఏమంటివి?"

మళ్ళీ చెప్పాను. ఆయన కర్ర లేకుండానే ఊగి చూసుకున్నారు. బరువు ఎక్కడుంటే దెబ్బ అక్కడే దిగుతుందని ఇంజనీరుకు నేను వేరే చెప్పనక్కరలేదు. ఈసారి ఎడమకాలు మీదికి ఒరిగి, చేతులు ముందు నడుస్తుంటే కర్ర తల వెనక వచ్చేలా కొట్టారు. గీత చెదరలేదు. దాన్ని ఆనుకుని అవతలివైపు సన్నగా దుమ్ము లేచింది.

"అవతల," అన్నాను. ఆయన నవ్వారు. మళ్ళీ కొట్టారు. అవతల. ఆ పొద్దు ఇద్దరం స్నానాలు కూడా మరిచిపోయి అక్కడే ఉన్నాం. కాఫీ వాకిట్లోకే తెచ్చాను, మెట్లమీద కూర్చుని తాగాం. ఆ తర్వాత కొన్నాళ్ళు నా జీవితంలో బాగున్న రోజులు అని చెప్పగలను.

ఆట వచ్చేసింది ఆయనకు. మైదానంలో బంతి లేస్తోందని, దొర భుజం తట్టాడని ఆయనే చెప్పారు. మొదట సాయంత్రాలు వెళ్ళేవారు. తర్వాత ఎండ రాకముందే మంచిదని పొద్దున్నే వెళ్ళడం మొదలుపెట్టారు. వాకిట్లో ఆగేవారు కాదు. నేను ఆ పక్క నేలను ఇంకా పొడిగానే ఉంచాను, గీత గీసే ఉంచాను. ఆయన దాన్ని దాటుకుని పోయేవారు. అంట్లు తోమే ఆమె కూడా దాని గురించి అడగడం మానేసింది.

ఆ రోజుల్లోనే కాలువ తనిఖీకి కర్నూలు నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. మా ఆయనతోపాటు మైదానంలో ఆడి, తిరిగి మా ఇంటికే వచ్చి వరండాలో కూర్చున్నాడు. నేను కాఫీ గ్లాసులతో తలుపు వెనక నిలబడ్డాను.

"ఆ రాళ్ళల్లో అట్ల కొడ్తాండావే, ఎవురు నేర్పినారప్పా నీకు? దొరేనా?" అన్నాడు ఆఫీసరు.

"దొర చెప్పింది నాకు ఎక్కలేదు," అన్నారు మా ఆయన. "నేనొగన్నే కిందామీదా పడి నేర్చుకుంటి."

గ్లాసులు అక్కడే బల్లమీద పెట్టాను. కాసేపటికి సర్దుకుని, తీసుకెళ్ళి ఇచ్చాను. ఆయన అబద్ధమాడే మనిషి కాదు. నాతో పంతం పెట్టుకుని అన్నదీ కాదు. ఆయనకు అలాగే గుర్తుంది. ఆయన జ్ఞాపకంలో ఆ వాకిట్లో ఆయన ఒక్కరే ఉన్నారు. పేరు కోసం నేను బాధపడలేదు, ఆ కర్ర పేరు నాకెందుకు? అన్ని పొద్దులు పక్కన నిలబడినా నేను కనబడలేదే అని ఏడుపొచ్చింది.

మర్నాడు ఆయన కర్ర భుజాన వేసుకుని మెట్లు దిగుతుంటే సిగ్గు విడిచి అడిగాను.

"ఒకసారి ఈడ కొట్టిపోండి. నేను చూస్తా."

"ఎందుకులే," అన్నారు, మంచిగానే. "ఇప్పుడు బాగానే పడ్తాంది."

బాగా పడాలనే కదా నేనూ చూసింది. మడమ సంగతి ఆ రోజు చెప్పకుండా ఉంటే, ఇంకో ఏడాదైనా ఇవతలే పడుతూ ఉండేదేమో, ఇంకో ఏడాది నన్ను అడుగుతూ ఉండేవారేమో అనిపించింది. ఆయన గేటు దాటి మైదానం వైపు వెళ్ళిపోయారు. మళ్ళీ సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాకే నాతో మాట్లాడారు. అన్నం పెట్టమన్నారు.