ఎండాకాలానికి దాచిన బీడు

నిరుపయోగంగా ఉన్న భూములన్నీ సౌరఫలకాలకు ఇవ్వాలన్న వాదాన్ని మా కళాశాల చర్చలో నేను ఖండిస్తుండగా, ప్రత్యర్థి లేచి "మీరెప్పుడైనా బీడు చూశారా?" అన్నాడు. సభ నవ్వింది. నిఘంటువు బీడును సాగు చేయని నేల అంటుంది. సాగు లేదు కనుక ఉపయోగమూ లేదనడం తర్కం కాదు, తొందరపాటు. అయినా కంటితో చూసి వచ్చి వాదించాలనిపించి, ఆ వారమే మడకశిర దగ్గర బీడున్న ఒక పల్లెకు బయలుదేరాను.

అనంతపురంలో తెల్లవారగానే బస్సెక్కితే పెనుకొండ మీదుగా ఉదయం పదిలోపే మడకశిర చేరవచ్చు. టిక్కెట్టు రెండు వందల లోపే. అక్కడి నుంచి ఆ పల్లెకు షేర్ ఆటో నలభై రూపాయలు. డ్రైవర్ మస్తాన్ నన్ను ఎగాదిగా చూశాడు. "బీడు చూసేకి వస్తాండావా? ఏముండాదప్పా ఆడ! ఈ పొద్దు సోలారోళ్లకు ఇచ్చేకి ఆఫీసరు గూడా వస్తాండాడులే."

బీడంతా మోకాలెత్తు ఎండుగడ్డి. అంచున గడ్డికట్ట కట్టిన కర్ర నాటి ఉంది. అది ఉన్నంతవరకు ఏ మందా లోపలికి పోకూడదు; వేసవిలో చేలన్నీ మాడిపోయాకే ఊరంతా కలిసి దాన్ని పీకుతుంది. ఆ కర్ర దగ్గరే గొర్రెల కాపరి హనుమక్కతో ఆమె మరిది నాగరాజు గొడవపడుతున్నాడు.

"వదినా, ఇప్పుడే మంద తోలుదాం. మేపుతాండేది ఆఫీసరు కంటితో చూస్తే, ఇది ఖాళీ జాగా అనడు."

"ఇప్పుడే మేపేస్తే ఎండాకాలం ఏం మేపల్ల? నీ మీసాలా?"

"బీడే పోతే ఎండాకాలం యాడ మేపుతావు మరి?"

హనుమక్క మందకు అడ్డంగా నిలబడింది. దాన్ని కదలనివ్వలేదు.

జీపు దిగిన అధికారి చుట్టూ చూసి, "ఖాళీగానే ఉంది కదమ్మా" అంటూ గడ్డిలోకి అడుగు వేయబోయాడు.

"ఖాళీ యాడుండాది సార్? దాపెట్టినాం. ఆ కర్ర మేమే దాటం, నువ్వూ దాటొద్దు. చూడల్లంటే గట్టెంబడి రా."

అధికారి ఎత్తిన కాలు వెనక్కి తీసుకున్నాడు. తర్వాత ఆమె వెనకే గట్టు మీద నడిచాడు. నాగరాజు మీసం దువ్వుకుంటూ నవ్వాడు.

నిర్ణయం గ్రామసభ తరువాతేనట. ఫలితం నాకు తెలియదు. కానీ ఆకలిగొన్న మందను పక్కన నిలబెట్టుకొని, తన వాదం గెలిపించగల గడ్డిని ముట్టనివ్వని ఆ నిగ్రహం ముందు ఏ వేదిక మీద నేను విన్న వాగ్ధాటీ నిలవదు. బీడు అన్న మాటకు ఇక నేను చెప్పే అర్థం ఒక్కటే: ఊరు తన ఆకలిని వాయిదా వేసుకున్న చోటు.

మీరు వెళ్తే ఒక సూచన: పైరు లేని నేల కనిపించగానే అడ్డంగా నడవకండి, దగ్గర్లో ఉన్నవారిని అడిగి, గట్టు పట్టుకొని వెళ్లండి.