మా బావ నోరు విప్పిన ఆదివారం

తిరువూరు పురజనులకు ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, ఈ రోజు సాయంత్రం నా కంట్లో దుమ్ము పడింది.

మా అక్క మొగుడు కోటేశ్వరరావు బావ తాగుడు మానడానికి ప్రతి ఆదివారం ఓ గ్రూపులో కూర్చుంటున్నాడు. అక్కడ ఎవరి గోడు వాళ్ళు చెప్పుకోవాలి. తోడు వెళ్ళే నాకు అందరి కథలూ కంఠతా వచ్చేశాయి గానీ, బావ మాత్రం రెండు నెలలుగా నోరు విప్పలేదు. "ఇదే ఆఖరు, ఇంక రాను" అని ఇవాళ బండి మీదే తేల్చేశాడు.

తీరా వెళ్తే, ఇలా నలుగురిలో మాట్లాడుకుంటే నిజంగా గుణం కనిపిస్తుందా అని పరిశోధన చేసే అమ్మాయి ఫారాలతో వచ్చింది. తన వంతు రాగానే బావ తల దించుకున్నాడు. నేను లేచాను.

"మా అమ్మాయి పెళ్ళిలో తాగి పడిపోయానండి. అల్లుడి కాళ్ళు మా బావ కడిగాడు."

బావ దిగ్గున లేచాడు.

"ఒరేయ్, నీకున్న ఇద్దరూ మగపిల్లలేరా! పడిపోయింది నేనండీ. మా అల్లుడి కాళ్ళు కడిగింది వీడు."

ఆ తర్వాత అరగంట ఆగకుండా చెప్పాడు, ఏడ్చాడు.

"ఏది పనిచేసిందంటారు సార్?" అని ఆ అమ్మాయి నన్నడిగింది.

"బావమరిది అని రాసుకోమ్మా" అన్నాను.

బండెక్కుతూ బావ, "వచ్చే ఆదివారమన్నా పెందలాడే రా, నీ వల్ల ప్రతిసారీ లేటే" అన్నాడు.

మీ ఇళ్ళలోనూ నోరు విప్పని బావలుంటే కింద చెప్పండి, అబద్ధాలు ఉచితంగా ఆడిపెడతాను. పైన రాసినదాంట్లో మాత్రం ఒక్కటే పచ్చి కల్పితం. నా కంట్లో దుమ్మేమీ పడలేదు.